కనకారావు పోయని తీర్థం

మా గురువు చిదంబరయ్య గారికి కోపమొస్తే ప్రశ్నకు జవాబు చెప్పరు, పని చెప్తారు. కొండ దిగువన ఉన్న ఆయన మఠానికి వచ్చిపోయే మాకందరికీ ఆ సంగతి తెలుసు. తెలిసీ అడిగినవాడు తేనె వ్యాపారి కనకారావు ఒక్కడే.

కొండ మీద పూసిన ప్రతి పువ్వూ చివరికి కనకారావు డ్రమ్ముల్లోకే చేరేది. ఆ తేనె వెన్నెల్ని కాచి వడపోసినట్టుండేది, నిజంగా. కానీ అవి టంకం వేసిన పాత రేకు డ్రమ్ములు. తేనెలోని పులుపు ఆ టంకాన్ని మెల్లగా తింటుంది, అందులోని సీసం తేనెలోకి దిగుతుంది. పరిమితి దాటిందని, కడుపులో బిడ్డలకు మరీ ప్రమాదమని ల్యాబువాళ్లు చెప్పారు. కనకారావు డ్రమ్ములు మార్చలేదు. మంచి తేనె తెప్పించి అందులో కలిపించాడు. అంకె కిందికి దిగగానే సీసాల్లో నింపి ఊళ్లకు పంపేశాడు.

కార్తీక సోమవారం అభిషేకానికి అదే తేనె తెచ్చి గురువుగారి ముందు పెట్టాడు. "స్వామీ, అంతా పరిమితిలోనే ఉంది. సీసం ఆవగింజంత కూడా లేదు. ఇందులో పాపమేముంది చెప్పండి?"

గురువుగారి చెవులు ఎర్రబడ్డాయి. "పంచామృతంలో నీ తేనే పొయ్యి. ఈ పూట తీర్థం కూడా నువ్వే ఇవ్వు," అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతమంది నోట్లో ఆ విషం పోయిస్తారా? అభిషేకం అయింది. జనం వరస కట్టారు. గురువుగారు వరసను చేత్తో ఆపి, "కడుపుతో ఉన్నదానివి, ముందు నువ్వు రామ్మా సువర్చలా," అని పిలిచారు.

సువర్చల కనకారావు భార్య. ఎన్నో మొక్కుల తర్వాత నిలిచిన కడుపు. కళ్లు మూసుకుని దోసిలి పట్టింది.

ఉద్ధరిణి గిన్నెలో మునిగింది. పైకి రాలేదు.

"పొయ్యండి, వెనకాల జనం ఉన్నారు."

"నీకు పడదులేవే. ఇంటికెళ్లాక..."

"దేవుడి తీర్థం పడకపోవడమేంటండీ?"

"పెళ్లానికి పొయ్యడానికి కూడా తూకమేనా నాయనా?" అంది వరసలో ఓ ముసలమ్మ. అందరూ నవ్వారు. కనకారావు మాత్రం గిన్నెను గుండెకు హత్తుకుని నిలబడిపోయాడు.

గురువుగారు ఆ గిన్నె లాక్కుని గచ్చు మీద విసిరికొట్టారు. తీర్థం నేలపాలయింది. నవ్వులు ఆగిపోయాయి.

"సీసాలు కొన్న ఆడవాళ్ల పేర్లు నీకు తెలియవు," అన్నారాయన. "అంతేగా!"