గొళ్ళెము చప్పుడు వ్రత కథ

అక్షతలు చేత పట్టుకొని, కబుర్లు కట్టిపెట్టి వినుడి.

పూర్వము ధూమ్రకేశుడను ముని సుకంఠ మహర్షిని సమీపించి, కొట్టిన చేయి కాటికి పోయినను దెబ్బ పోని వారికి ఏ వ్రతము గలదని అడిగెను. సుకంఠుడు ఇట్లు చెప్పెను.

గోదావరి యొడ్డున వకుళ యను ఇల్లాలు కలదు. ఆమె మగడు ప్రతిదినము మధ్యాహ్న భోజనము కాగానే ఆమెను కొట్టి, సామాన్ల గదిలోనికి నెట్టి, బయట గొళ్ళెము పెట్టెడివాడు. ఇరుగుపొరుగువారు విని టీవీ శబ్దము పెంచుకొనిరి. కొంతకాలమునకు వాడు చచ్చెను. వకుళ తన కూతురు మృణాళినితో అక్క సుగుణ యింట చేరెను. ఆ యింట గదులకు గొళ్ళెములే లేవు. అయినను మధ్యాహ్నము కాగానే గొళ్ళెము పడిన చప్పుడు ఆమెకు వినవచ్చెను.

సుగుణ ఆమెను వైద్యురాలి యొద్దకు తోడ్కొని పోయెను. వైద్యురాలు దినమునకొక మాత్ర వ్రాసియిచ్చి, ప్రతి గురువారము కౌన్సెలరమ్మ యెదుట కూర్చుండి జరిగినది చెప్పుకొనుమనెను. అదియే ఆమెకు వ్రతమాయెను. నాలుగు గురువారములు వకుళ నోరు విప్పలేదు. అయిదవ గురువారము గొళ్ళెము మాట చెప్పెను. కొన్ని నెలలకు చప్పుడు పలుచబడెను, నిద్ర పట్టెను, అన్నము సయించెను.

అంత సుగుణ, "గండం గడిచిందే. ఇంక ఉద్యాపన చేసేద్దాం" అనెను. మంచి మనసే గాని, ఎంత తెలివితక్కువ పని! అయిదుగురు ముత్తయిదువలకు వాయనములిచ్చి, మిగిలిన మాత్రలను పసుపు గణపతితో కూడ గోదావరిలో కలిపిరి. గురువారములు మానిరి. వైద్యురాలిని అడిగినవారు లేరు.

నెల తిరుగకమునుపే ఒక మిట్టమధ్యాహ్నము సుగుణ బజారునుండి వచ్చెను. వకుళ బీరువాకు వీపు ఆనించి కూర్చుండెను. బీరువా లోపల ఎవరో గోళ్ళతో గీకుచుండిరి.

"గట్టిగా మాట్లాడకక్కా. ఆయనొచ్చాడు. పిల్లను దాచాను."

సుగుణ ఆమె చేతిలోని తాళపుచెవి లాగుకొని బీరువా తలుపు తీసెను. మృణాళిని చెమటతో తడిసి, పెదవులు నీలమై యుండెను. ఊపిరి కలదు. ఆ పిల్ల తల్లిని చూచి వెనుకకు జరిగెను. అప్పుడు వకుళ తన చేతులను చూచుకొని ఏడ్చెను.

ఆనాడే మువ్వురును ఆసుపత్రికి పోయిరి. వైద్యురాలు తిట్టలేదు. మాత్రలు మరల మొదలుపెట్టి, ఉద్యాపన ఎప్పుడో తానే చెప్పెదననెను. గురువారములు తల్లియు కూతురును పోవుచుండిరి. ఏడాది దాటిన పిమ్మట ఒక మధ్యాహ్నము వకుళ బియ్యములో రాళ్ళు ఏరుచు, ఉన్నట్టుండి చేయి ఆపెను.

"అమ్మా, వినపడిందా?"

"వినపడింది తల్లీ. బీరువా తలుపు తీసే ఉంది, చూసి రా."

మృణాళిని పోయి చూచి వచ్చి, తల్లి ఒడిలో తల పెట్టుకొనెను.

దెబ్బలు తిన్నవారును, మాత్ర మింగుట నామోషి యనుకొన్నవారును ఈ వ్రతము చేయవలెను. గోడ అవతల విని ఊరకున్నవారు తామే పోయి తలుపు తట్టవలెను. చేసినవారికి నిద్రయు ఆకలియు కలుగును, జడిసిన పిల్లలు దగ్గరకు వచ్చెదరు. చప్పుడు అప్పుడప్పుడు వచ్చును, రానిండు. ఇప్పుడు ఇంటి తలుపులన్నియు తీసి, అక్షతలు శిరమున వేసికొనుడి.