మోతమ్మ కాలు ఎందుకు కదపదు

ఒకప్పుడు చక్కెర తిని బతికే సూక్ష్మజీవుల ఒంట్లో, ఒకే పని పంచుకునే మూడు రకాలవాళ్లు మూడు చోట్ల ఉండేవాళ్లు. అదే అసలు గొడవ.

అలాంటి ఓ సూక్ష్మజీవి పేరు చిట్టెమ్మ. లేగదూడ పేగులో కాపురం. ఆవగింజ పక్కన పెడితే ఆవగింజే కొండలా ఉండేది, అంత చిన్నది. ఆ ఒంట్లో ఓ చివర కోతయ్యలు, ఇంకో చివర తోమన్నలు. మధ్యలో పరిగెత్తి చచ్చేది మోతమ్మలు.

పనేంటంటే, విరిగిన చక్కెర ముక్కని కోతయ్య ఇంకోసారి నరుకుతాడు. బుస్సుమని గాలి పోతుంది. మిగిలిన వేడి ముక్కని మోతమ్మ చేత్తో పట్టుకెళ్లి, చిట్టెమ్మకి సత్తువిచ్చే పొయ్యికి అందిస్తుంది. దాంతో చెయ్యంతా జిడ్డు. తోమన్న తోమితేగానీ ఇంకో ముక్క పట్టుకోలేదు.

ఒళ్లంతా జాతరలా జనం. ఎవడో గుద్దేవాడు, ముక్క జారిపోయేది. ఆ పొద్దున అప్పటికే మూడు జారాయి.

"ఇప్పుడా రావడం?" అన్నాడు కోతయ్య.

"కూర్చునే ఉన్నావుగా బావా, నాలుగడుగులు ముందుకి రావచ్చుగా," అంది మోతమ్మ.

"మా వంశంలో ఎవరూ లేచెళ్లలేదు. పనే మా దగ్గరికొస్తుంది."

తోమన్న దగ్గరికెళ్తే ఆయనదీ అదే పాట. "జిడ్డు నీ చేతికి. నేనెందుకు రావాలి?"

ఇంతలో చిట్టెమ్మ మూలిగింది. "ఒసే మోతమ్మా, సాయంత్రానికి నేను ఇద్దరుగా చీలాలి. పొయ్యి ఆరిపోతోందే."

నాలుగో ముక్క కూడా జారింది. మోతమ్మకి తిక్క రేగింది. ఉన్నచోటే చతికిలబడింది.

"ఇంక నా వల్ల కాదు. ఎవరికి పనుందో వాళ్లే రండి. చెయ్యి ఎంత పొడుగంటే అంత చాపుతా. కాలు మాత్రం కదపను."

ఆమె చెల్లెళ్లూ వచ్చి కూర్చున్నారు. ముగ్గురేసి భుజాలు పట్టుకుని, పాచికకి ఎనిమిది మూలలున్నట్టు, ఎనిమిది చోట్ల. మొత్తం ఇరవైనాలుగు మంది.

కోతయ్య మూతి ముడుచుకున్నాడు. తోమన్న అటు తిరిగాడు. పొయ్యి నిప్పురవ్వంత అయింది. చీలుతున్న చిట్టెమ్మ నడుం సగం నొక్కుకుపోయి అక్కడే ఆగిపోయింది. ఒకరూ కాదు, ఇద్దరూ కాదు.

"కోతయ్యా," అంది చిట్టెమ్మ, గొంతు పీలగా. "ఇలా సగంలోనే పోతానేమో."

కోతయ్య లేచాడు. వంశంలో మొదటిసారి. గొణుక్కుంటూనే తనవాళ్లని తెచ్చి, మోతమ్మలు కూర్చున్న ఆ పాచిక ఆకారానికి ఉన్న పన్నెండు అంచుల మీద ఇద్దరేసి కూర్చోబెట్టాడు. తోమన్నలూ వచ్చి ఆరు ముఖాల మీద ఇద్దరేసి సర్దుకున్నారు.

"కోతయ్యలు ఇరవైనాలుగు మంది, మేం పన్నెండు మందిమేనా?" అన్నాడు తోమన్న.

"తోమడానికి ఎంతసేపు పడుతుంది అన్నయ్యా? కోతకే ఆలస్యం. నోర్మూసుకుని తోము," అంది మోతమ్మ.

మోతమ్మ చెయ్యి ఊపింది. కోతయ్య దగ్గర ముక్క అందుకుంది, కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపి పొయ్యికి ఇచ్చింది, తోమన్న దగ్గర కడిగించుకుంది. ఒక్కటీ జారలేదు. పొయ్యి భగ్గుమంది. సాయంత్రానికి చిట్టెమ్మ నడుం తెగింది, పక్కనే ఇంకో చిట్టెమ్మ.

"నీ ఒంట్లో వీళ్లెలా ఉన్నారే?" అడిగింది పెద్దది.

"అంతా ఒకే ముద్దగా ఉన్నారు. తిట్టుకుంటున్నారు," అంది చిన్నది.

అప్పటినుంచే ఆ జాతి సూక్ష్మజీవుల ఒంట్లో ఆ మూడు రకాలవాళ్లూ ఒకే ముద్దగా అతుక్కుని ఉంటారు. మధ్యలో మోతమ్మ కాలు కదపదు, చెయ్యి ఆపదు.