పైడిరాజు మాస్టారి దాహం

విజయనగరంలో పైడిరాజు అనే రిటైరైన డ్రిల్లు మాస్టారు ఉండేవాడు. ఎవరినైనా సాయం అడగాలంటే ఆయనకు ప్రాణం పోయినట్టుండేది. భర్త పోయాక తన ఇంటికే వచ్చి ఉంటున్న చెల్లెలు సన్యాసమ్మకు కూడా ఏ పనీ చెప్పేవాడు కాదు. ముసలితనంలోనూ తన బట్టలు తానే ఉతుక్కునేవాడు.

ఒక వేసవిలో ఆయన సైకిలు మీంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, మంచం దిగవద్దన్నారు. సెలైన్ తీసేశాక నీళ్లు బాగా తాగమన్నారు. సన్యాసమ్మ మాటిమాటికీ గ్లాసు అందించేది. ఆయన పెదవులు తడుపుకుని, ఆమె అటు తిరగగానే మిగతా నీళ్లు మంచం పక్క బకెట్లో ఒంపేసేవాడు. తాగితే మూత్రం వస్తుంది. డబ్బా పట్టమని చెల్లెల్ని అడగాలి. దానికన్నా నాలుక ఎండటమే నయమనుకున్నాడు.

కొద్ది రోజులకే ఆయన మాట తడబడింది. వార్డును బడి మైదానం అనుకుని, పక్క మంచాలవాళ్లను లైనులో నిలబడమని కేకలు వేశాడు. సన్యాసమ్మ చెయ్యి పట్టుకోబోతే, "ఎవరు నువ్వు?" అని చెంప మీద కొట్టాడు. చూడటానికి వచ్చిన చుట్టాలు వయసు మీద పడి మతి చలించిందన్నారు. ఆమె కూడా అదే నమ్మి, డాక్టరుకు చెప్పకుండా ఏడుస్తూ ఊరుకుంది. మర్నాడు ఆమె మొహం కడుక్కోవడానికి వెళ్లినప్పుడు ఆయన మంచం దిగబోయి పడ్డాడు. అతికించిన ఎముక మళ్లీ విరిగింది.

డాక్టరమ్మ వచ్చి ఆయన నాలుక చూసింది. అది అట్టలా ఎండిపోయి ఉంది. ఇది వయసు వల్ల వచ్చింది కాదని, ఒంట్లో నీళ్లు తగ్గి మతి తప్పిందని చెప్పి, మళ్లీ సెలైన్ పెట్టించింది.

మెల్లగా ఆయనకు తెలివి వచ్చింది. చెల్లెలి చెంప ఎందుకు కమిలిందని అడిగాడు. ఆమె చెంగుతో చెంప కప్పుకుంది. పక్క మంచం ఆయన చెప్పాడు. పైడిరాజు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అటే చూస్తూ నీళ్లు పారబోసిన సంగతి ఒప్పుకున్నాడు.

"నీచేత ఆ పని చేయించుకోలేకపోయానమ్మా" అన్నాడు.

"అమ్మ పోయాక నన్ను ఎత్తుకుని పెంచావు. నా గుడ్డలు ఉతికావు. ఇప్పుడు నేను పరాయిదాన్నయ్యానా అన్నయ్యా?" అంది సన్యాసమ్మ.

 ఇంకో ఆపరేషన్‌కు ఆయన గుండె తట్టుకోదని డాక్టర్లు అన్నారు. ఆయన మళ్లీ నడవలేదు. ఆ దెబ్బకు తెలివి కూడా పూర్తిగా నిలవలేదు. కొన్ని సాయంత్రాలు చెల్లెల్నే మీరెవరని అడిగేవాడు. ఆమె ఓపిగ్గా తన పేరు చెప్పేది.

సాయం అడగడానికి సిగ్గుపడి అవసరాన్ని దాచుకునేవాడు తనకే కాదు, తనను ప్రేమించేవాళ్లకూ కీడు చేస్తాడు.