ఎర్ర దీపం వెలగని గోడ

ఓబులేసు చిక్కల్లా ఒకటే. ఊరంతా మెచ్చుకున్న తన పనిని గురువు మాత్రం చూడ్డానికి రావడం లేదు.

గురువంటే తోలుపని ఉస్తాద్ లాల్ సాబ్. ఆయన కుట్టిన ఒరలో కత్తి పెడితే ఏడేనుగులు లాగినా జారదు, పసిబిడ్డ అడిగితే మాత్రం తనంతట తానే చేతికొస్తుంది. ఇక మాటలంటారా, ఏడాదికి తొమ్మిదే ఆడతాడు. అందులో ఆరు మేకతో.

శిష్యుడు రసాయనాల ఫ్యాక్టరీకి నలభై చార్జింగ్ ఒరలు చేసిచ్చాడు. విషగాలి తగిలితే కూసే చిన్న మిషన్లుంటాయి. కూలీలు వాటిని ఎదకు తగిలించుకుని పని చెయ్యాలి. పని దిగాక గోడమీది ఒరలో పెడితే దానికదే చార్జి ఎక్కుతుంది. ఒక్కో ఒరమీద ఒక్కో మనిషి పేరు. మిషను ఒరలో ఉంటే పచ్చ దీపం, లేకపోతే ఎర్ర దీపం. ఆ దీపాలు ఓబులేసు సొంత తెలివి.

"ఆరు నెలల్లో ఒక్క మిషనూ పోలేదు ఉస్తాద్! ఒక్కసారొచ్చి చూడండి" అని ముక్కోటి సార్లు బతిమాలితే, ఆయన కర్ర తీసుకుని లేచాడు.

వెళ్లేసరికి పొద్దున పదకొండు. ఫ్యాక్టరీ పొగ సూర్యుణ్ణి మింగి త్రేన్చుతోంది. కూలీలంతా లోపల పనిలో ఉన్నారు. గోడమీద నలభై దీపాలూ వరిమడిలా పచ్చగా ఉన్నాయి.

"చూశారా? ఒక్క ఎరుపు లేదు!"

ఉస్తాద్ చాలాసేపు చూశాడు. చెయ్యి చాచి ఒక మిషను తీశాడు. ఎర్ర దీపం వెలిగింది.

సూపర్‌వైజరు పంచప్రాణాలూ అరచేత పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. "ఓ తాతా, పెట్టెయ్! ఎరుపు కనిపిస్తే పెద్దసారు నా తోలు వలుస్తాడు. అందుకే ఎవర్నీ ముట్టుకోనివ్వట్లేదు."

"ఇదెవరిది?"

"పేరుందిగా. సుంకన్నది."

"సుంకన్న ఏడీ?"

"తొట్టి కడగడానికి దిగాడు."

ఉస్తాద్ మిషను శిష్యుడి చేతిలో పెట్టాడు. "ఇచ్చిరా బేటా. పరిగెత్తు."

తొట్టి ఇంకా ఇరవై అడుగులుందనగా మిషను కూసింది.

సుంకన్నను తాళ్లతో పైకి లాగారు. కళ్లు తెరిచే ఉన్నాయి. ఊపిరి లేదు.

తోటి కూలీ తలగుడ్డ విప్పి ఆ ముఖం తుడిచాడు. "పొద్దున అడిగాడు సామీ, మిషను ఇమ్మని" అన్నాడు, ఎవరివైపూ చూడకుండా.

ఓబులేసు గోడ దగ్గరికి ఎలా తిరిగొచ్చాడో అతనికే తెలీదు. మిషను పిడికిట్లోనే ఉంది.

"పోయినోడు ఎలాగూ పోయాడు" అన్నాడు సూపర్‌వైజరు, చెమట తుడుచుకుంటూ. "పెద్దసారు గేటు దాటేశాడు. ముందా మిషను ఒరలో పెట్టవయ్యా, నీకు పుణ్యముంటుంది!"

ఓబులేసు గురువు వైపు చూశాడు.

"పెట్టు బేటా" అన్నాడు ఉస్తాద్. "నువ్వు నేర్పిన పద్ధతేగా."