గీత లేని అమ్మ

అనగనగా అనగనగా, కాలవ పక్కన ఒక ఊరుండేదిట తల్లీ. ఆ ఊళ్ళో ఇంటింటా గుడ్డల మీద బొమ్మలు వేసేవాళ్ళే. చేతిలో వెదురు కలం, పక్కన ఇనప ముక్కలూ బెల్లమూ నానబెట్టి తీసిన నల్లరంగు. ముందు గీత, ఆ తర్వాతే రంగు. గీత లేకుండా రంగు వెయ్యడమంటే వాళ్ళకి ఆకు వెయ్యకుండా అన్నం వడ్డించినట్టే.

అక్కడ ఒక పద్ధతుండేది. బొమ్మ పూర్తవగానే పెద్దలు దాన్ని ముక్కుకి ఆనించుకున్నంత దగ్గరగా పట్టుకుని, గీత వెంట వేలు నడిపించేవాళ్ళు. వేలు ఎక్కడా ఆగకుండా చుట్టూ తిరిగొస్తే అది మంచి బొమ్మ. లేకపోతే కాదు. అంతవరకే తెలుసు వాళ్ళకి.

ఆ ఊళ్ళో శోభనాద్రి అని ఒకాయన. గీతంటే ఆయనదే గీత. ఆయనకొక చెల్లెలు, నాంచారు. వాళ్ళమ్మ మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, పిల్లలు బొమ్మలు వేసిన గుడ్డలు కాలవలో జాడించేది. ఒక వానాకాలం జ్వరమొచ్చి అమ్మ పోయింది. ఇంట్లో అన్నాచెల్లెళ్ళిద్దరే మిగిలారు.

అప్పుడు నాంచారుకి అమ్మ బొమ్మ వెయ్యాలనిపించింది. కలం పట్టుకుని ముక్కు గీసింది, చెయ్యి గీసింది, కొంగు గీసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అమ్మ మాత్రం లేదు. ఎందుకంటావా? ఆ పిల్ల కళ్ళల్లో ఉన్నది నీళ్ళలో నిలబడ్డ అమ్మ. గుడ్డ జాడిస్తుంటే తుంపర లేచేది, దాని మీద ఎండ మెరిసేది. అమ్మ ఎక్కడ అయిపోయిందో నీళ్ళు ఎక్కడ మొదలయ్యాయో తెలిసేదే కాదు. అలాంటి అమ్మ చుట్టూ గీత ఎక్కడుంటుందే?

కలం పక్కన పడేసింది. గుడ్డపీలికలు ఉండలు చుట్టి, రంగుల్లో ముంచి, కాలవ గట్టు మీదే కూర్చుని మచ్చలు మచ్చలుగా అద్దింది. గబగబా అద్దాలి మరి, ఎండ మనకోసం ఆగుతుందా?

ముందు పొద్దుటి మంచులో అమ్మని వేసింది. పెద్దలు ముక్కు దగ్గర పెట్టుకుని వేలు ఆనించారు. వేలికి దారేదీ? "ఇవి మరకలు, బొమ్మ కాదు" అన్నారు.

ఆ తర్వాత మిట్టమధ్యాహ్నం ఎండలో అమ్మని వేసింది. తెల్లచీర మీద పడిన నీడకి నీలిమందు అద్దింది. "నీడ నల్లగా ఉంటుంది గానీ నీలంగా ఉంటుందిటే?" అని పకపకా నవ్వారు. రేపు ఎండలో ఆరేసిన నా తెల్లచీర మడతల్లోకి నువ్వే చూడు, ఎవరికి కళ్ళు లేవో తెలుస్తుంది. నాకు ఆ పెద్దలంటే ఒళ్ళుమంట. అప్పట్నుంచీ ఊరంతా ఆ పిల్లని మరకల నాంచారు అనడం మొదలెట్టింది.

ఫ్రాన్సు అని దూరాన ఒక దేశముంది. అక్కడా ఇలాగే ఆరుబయట కూర్చుని వెలుగుని అద్దినవాళ్ళని చూసి నవ్వారుట. వెక్కిరింతగా ఇంప్రెషనిస్టులని, అంటే ఏదో పైపైన తోచింది అద్దేసేవాళ్ళని, పేరు పెట్టారుట. ఆ పేరే నిలిచిపోయింది. మన ముందుగది క్యాలెండరు మీద చెరువు బొమ్మ లేదూ, అది వాళ్ళ తరహాదే.

శోభనాద్రికి మాత్రం తల కొట్టేసినట్టయింది. "గీత గీసేదాకా నాతో మాట్లాడకు" అనేశాడు. ఆ పిల్లకి ఉన్నదే ఒక్క అన్న. రంగు కుండలు నెత్తిన పెట్టుకుని వెళ్ళి, కాలవకి అవతలి ఒడ్డున పాక వేసుకుంది.

ఒక్కళ్ళమే ఉండటమంటే ఏవిటో తెలుసా తల్లీ? కూరలో ఉప్పెక్కువైందని తిట్టేవాళ్ళు కూడా లేకపోవడం. నాంచారు ఒక్కతే వండుకుని ఒక్కతే తినేది. మాటలు మర్చిపోతానేమోనని రంగులతో మాట్లాడేది. ఇవతల అన్న సంగతీ అంతే. అలవాటుకొద్దీ రెండు కంచాలు పెట్టుకుని, ఒకటి తీసి మళ్ళీ బోర్లించేవాడు. పౌరుషం, ఇంకేవిటి!

ఆ తర్వాత నాంచారు సాయంత్రపు అమ్మని వేసింది. ఈసారి నిలువెత్తు గుడ్డ. ఎవరికీ చూపించలేదు. ఆరడానికి రెండు కర్రల మధ్య కాలవ వైపు తిప్పి కట్టి, పాకలోకి పోయింది.

అప్పుడే శోభనాద్రి చేతుల రంగు కడుక్కోవడానికి ఇవతలి రేవులోకి దిగాడు. తలెత్తాడు. అవతలి ఒడ్డున అమ్మ! నడుం వంచి గుడ్డ జాడిస్తోంది. పడమటెండ వీపు మీద పడుతోంది. "అమ్మా!" అని అరిచి వంతెన వైపు పరిగెత్తాడు.

వంతెన ఎక్కాడు, అమ్మ ఉంది. వంతెన దిగాడు, అమ్మ కాస్త చెదిరింది. దగ్గరికొచ్చి చెయ్యి చాపాడు, అమ్మ లేదు. పసుపు మరకలూ నీలం మరకలూ, అంతే.

పాపం, అంత మనిషీ అక్కడే కూలబడి ఏడ్చాడు. చప్పుడు విని నాంచారు పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది అన్నయ్యా?"

"అమ్మ కనపడిందే. దగ్గరికొస్తే పోయింది."

నాంచారు తెల్లబోయింది. దానికీ తెలియదు మరి! ఆ గట్టు రెండడుగుల వెడల్పు. వెనక్కి జరిగితే నీళ్ళలో పడుతుంది. తను వేసిన బొమ్మని చేతికందే దూరం నుంచి తప్ప ఏనాడూ చూడలేదు. అమ్మ ఉందని నమ్మి అద్దిందే గానీ, కనపడి కాదు.

"ఎక్కణ్ణుంచి చూశావు?" అంది చిన్న గొంతుతో.

శోభనాద్రి చెల్లెలి చెయ్యి పట్టుకుని వంతెన దాటించాడు. ఇవతలి రేవు మెట్ల మీద తన పక్కనే కూర్చోబెట్టాడు. నాంచారు తలెత్తి చూసింది. అమ్మ పోయిన ఇన్నాళ్ళకి అప్పుడు గొంతెత్తి ఏడ్చింది.

కాసేపటికి కళ్ళు తుడుచుకుని, "అమ్మని చూడాలంటే దూరంగా ఉండాలి అన్నయ్యా" అంది.

"అమ్మకి దూరంగా ఉందాం. నాకు దూరంగా ఎందుకే? ఇక్కడే ఉండిపో" అన్నాడు.

ఎండ వెళ్ళిపోయింది. అవతలి ఒడ్డున అమ్మ కూడా మసకబారి, నీళ్ళలో కలిసినట్టు కనపడకుండా పోయింది. వాళ్ళిద్దరూ మాత్రం లేవలేదు.

కథ నడిచి కంచికి,
కాలవ పారి సంద్రానికి,
నువ్వేమో దుప్పట్లోకి,
నేనేమో నీ పక్కకి.