తల వంచిన సొర మొలక

ఒకప్పుడు విత్తనాలకు తల వంచడం తెలియదు. నేలలో పడ్డ గింజ పగిలిందంటే చాలు, మొలక ఈటెలా నిటారుగా, కొస పైకి పెట్టుకుని లేచేది. అడవిలో అది చెల్లింది. అక్కడ రాలిన ఆకులు కుళ్లి నేల పరుపులా ఉండేది. మొలకకు అడ్డం తగిలేది ఏదీ లేదు.

అందుకే ఆ కాలంలో కూరగాయలన్నీ అడవిలోనే కాసేవి. ఎవరి పెరట్లోనూ పాదు ఉండేది కాదు. మనుషులు గంప పట్టుకుని వెళ్లి, సొరకాయో కాకరకాయో కోసుకొచ్చి వండుకునేవారు.

ఒక వేసవిలో కొండకు నిప్పంటుకుంది. మూడు రోజులు కాలింది. తీగ అన్నది మిగల్లేదు.

ఆ కొండ కింద పది గడపల పల్లె ఉండేది. అందులో నూకాలు అనే ఆవిడ, సింహాలు అనే ఆమె ఆరేళ్ల కూతురు ఉండేవాళ్లు. అడవి కాలిపోయాక ఊరికి మిగిలింది చోడి అంబలి, అదే రాగి జావ, ఒక్కటే. పొద్దున అంబలి, మాపటికి అంబలి. నెల తిరిగేసరికి పిల్లల నోళ్లు పూశాయి. సింహాలు చిగుళ్లలోంచి నెత్తురు వచ్చేది. అంబలి తగిలినా మంటే.

"పచ్చటిది ఏదైనా కడుపులో పడితేనే ఇది తగ్గుతుంది" అన్నాడు ఊరి పెద్ద దాలయ్య తాత. "అది ఇక్కడ లేదు. ఇంకో కొండ చూసుకుని వెళ్లిపోదాం."

"నా పిల్ల అంత దూరం నడవలేదు తాతా" అంది నూకాలు.

తాత మూటైతే కట్టుకున్నాడు గానీ, ఆ పిల్లను వదిలి కదల్లేకపోయాడు.

సింహాలు దగ్గర ఎండిన సొరబుర్ర ఒకటి ఉండేది. ఊపితే గలగలమనేది. ఉన్న ఆటవస్తువు అదొక్కటే. ఆ రోజు కూడా మంచం మీద పడుకుని దాన్నే ఊపుతూ, "అమ్మా, ఇందులో మాట్లాడేది ఎవరు?" అని అడిగింది.

"ఎవరూ కాదే, గింజలు" అంటూనే నూకాలు ఆగిపోయింది. కూతురి పక్కన కూర్చుంది. "దీన్ని పగలగొట్టనా తల్లీ?"

సింహాలు బుర్రను కాసేపు గుండెకు హత్తుకుంది. తర్వాత తనే అమ్మ చేతికిచ్చింది.

అందులో అయిదు గింజలున్నాయి.

నూకాలు మూడు గింజలు పెరట్లో పాతింది. రోజూ చూసింది. వారమైనా ఏమీ పైకి రాలేదు. మెల్లగా మన్ను తీసి చూస్తే, మూడు మొలకలూ తెల్లగా మెడ విరిగి పడి ఉన్నాయి.

"నా మీద కోపం పెట్టుకోకు నూకాలూ" అంది నేల. "ఎండకు బిగుసుకుపోయాను. నీ మొలకలేమో లేత కొస ముందు పెట్టి నన్ను గుద్దుకున్నాయి. విరిగిపోయాయి."

"నువ్వు మాత్రం ఏం చేస్తావులే" అంది నూకాలు. వాటిని అక్కడే మన్ను కప్పి లేచింది.

నాలుగో గింజను చాటలో పెట్టి, మెత్తటి మన్ను కోసం గెడ్డవాగు ఒడ్డుకు వెళ్లింది. వచ్చేసరికి కోడిపెట్ట గింజను మింగేసింది.

"నాకూ ఆకలే కదా" అంది కోడి, దూరంగా జరిగి.

నూకాలు కర్ర అయితే ఎత్తింది గానీ, దాని ఎముకలు తేలిన రొమ్ము చూసి దించేసింది.

ఇక ఉన్నది ఒక్క గింజ. దాన్ని పాత గుడ్డ ముక్కలో చుట్టి, తడిపి, రొంటిన దోపుకుంది. ఆరినప్పుడల్లా మళ్లీ తడిపింది. పని చేసినా పడుకున్నా గింజ ఆమె ఒంటి వేడిలోనే ఉంది. మూడో రోజుకు పగిలి, ముల్లంత వేరు బయటపెట్టింది.

నూకాలు ఒక పగిలిన కుండ తెచ్చింది. గెడ్డ మన్ను, మేక పెంటిక పొడి, పిడికెడు బూడిద కలిపి నింపింది. వేలి కణుపంత లోతులో గింజను పెట్టి, చూరు కింద పెట్టుకుంది.

నీళ్లదే కష్టం. గెడ్డ ఎండి, ఊటలో ఇంటికి ఒక్క కుండే దొరికేది. అంబలికీ పిల్లకూ పోను నూకాలు తాగడానికి రెండు చిప్పలు మిగిలేవి. ఒక చిప్ప తను తాగి, ఒక చిప్ప ఆ కుండలో పోసేది.

మన్ను లోపల గింజ నేలను అడిగింది. "నేలమ్మా, పైన వాన పడుతోందా? రోజూ ఇన్ని నీళ్లు ఎక్కడివి?"

"వాన కాదు. అవి ఒక తల్లి తాగాల్సిన నీళ్లు."

"మరి ఆవిడకు దాహం వెయ్యదా?"

"వేస్తుంది."

గింజ తన వేరును ఇంకాస్త కిందికి దించుకుంది. తర్వాత, "నా తోడబుట్టినవాళ్లు ఏమయ్యారు?" అని అడిగింది.

నేల దాచలేదు. ముగ్గురు మెడ విరిగి పోయారని, ఒకరిని కోడి తిన్నదని చెప్పింది.

"అయినా ఆవిడ నన్ను నాటిందా?"

"నాటింది."

"నేను పైకి వెళ్లగలిగితే ఆవిడకు ఏమని చెప్పాలి? నాకు నోరు లేదు కదా."

"మనుషులు మేలు చేసినవాళ్ల ముందు తల వంచుతారు. అదే వాళ్ల మాట" అంది నేల.

"అయితే ఇప్పుడే వంచుతాను" అంది గింజ. "పైకి వెళ్లాక చూద్దాంలే అనుకుని దారిలోనే విరిగిపోతే, ఆవిడకు దండం పెట్టకుండా పోయినట్టు అవుతుంది."

అలా అని, పుట్టిన ఏ మొలకా చెయ్యని పని చేసింది. మెడ వంచింది. లేత కొసను రెండు ఆకుల మధ్య దాచి, తలను కిందికి దించి దండం పెట్టింది. ఆ దండంతోనే పైకి తొయ్యడం మొదలుపెట్టింది.

ఇప్పుడు మన్నుకు తగులుతున్నది లేత కొస కాదు, వంచిన మెడ. పైన కట్టిన మన్ను పెచ్చు చిట్లింది. మెడ ముందు వచ్చింది. తల దాని వెనకే, చెక్కు చెదరకుండా వచ్చింది.

తెల్లారి సింహాలు గోడ పట్టుకుని బయటికి వచ్చి కుండలోకి చూసింది.

"అమ్మా, ఇది నీకు దండం పెడుతోంది" అంది.

నూకాలు వచ్చి కుండ ముందు చతికిలబడింది. గింజ పెంకు ఇంకా టోపీలా ఉంది ఆ మొలక నెత్తిన. ఆమె కళ్లు నిండాయి. "తల ఎత్తమ్మా" అంది. "నీకు దండం పెట్టాల్సింది నేను."

మొలక ఆ మాట విన్నది. నెమ్మదిగా తల ఎత్తింది. పెంకు జారిపడింది. రెండు ఆకులూ అరచేతుల్లా విచ్చుకున్నాయి.

నెల దాటేసరికి తీగ చూరెక్కింది. లేత ఆకులు కోసి నూకాలు పులుసు పెట్టింది. పల్లెలో పిల్లలందరికీ తలో గరిటె పోసింది. సింహాలు నోటి పుళ్లు మానాయి. దాలయ్య తాత కట్టిన మూట విప్పేశాడు. మొదటి కాయను నూకాలు కొయ్యలేదు. తీగ మీదే ఎండనిచ్చి, ఆ గింజలు పది గడపలకూ పంచింది. కోడి ముందు కూడా రెండు వేసింది.

ఆ గింజలు తమ తల్లి సంగతి, ఇంకో కొండ నుంచి పెరట్లోకి వచ్చిన బీరకు చెప్పాయి, బీర చిక్కుడుకు చెప్పింది, చిక్కుడు వంగకూ మిరపకూ చెప్పింది. చోళ్లూ జొన్నలూ మాత్రం దూరంగా, దున్నిన మెత్తటి చేలో ఉండటంతో వాటికి ఆ సంగతి తెలియలేదు. అవి నేటికీ సూదుల్లా నిటారుగానే మొలుస్తాయి.

పెరట్లో వేసిన గింజ మాత్రం అప్పటినుంచే మెడ వంచుకుని నేలలోంచి వస్తోంది. నీళ్లు పోసిన చేతికి ముందు దండం పెట్టి, ఆ తర్వాతే తల ఎత్తి ఆకులు విప్పుతోంది.