రాజబాట మీద ఎర్రప్ప బండి

ఆ నరసింహస్వామి మిమ్మల్ని చల్లగా చూడాలి, కాస్త దగ్గరికి జరిగి వినండి. పూర్వం ఒక రాజ్యంలో ఇద్దరు రథశిల్పులుండేవారు. కనకాచారి రథం నిండా బంగారు నెమళ్లు. వేగాచారి రథానికి వేలెడు మందం సన్నచక్రాలు, గాలికన్నా జోరని చాటింపు. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి గిట్టదు. అయినా ఆ ఊరి బండివాడు ఎర్రప్ప ఎద్దుబండి రాజబాటెక్కితే తమ రథాలకు చిన్నతనమని ఒక్కటై మొరపెట్టుకున్నారు. రాజుగారు బండిని నిషేధించారు. ఎర్రప్ప ఇంటిల్లిపాదికీ ఆ బండే కూడు.

మర్నాడు కోటగుమ్మం దాకా రథాల పందెం. రాజుగారు నెమళ్ల రథమెక్కారు. రాత్రి వానకు బాట నానింది. సగం దారిలో బంగారం బరువుకు ఒకటి, సన్నచక్రాలతో ఇంకొకటి ఇరుసుల దాకా దిగబడ్డాయి. పక్క చేలో ఎర్రప్ప తన వెడల్పు చక్రాల బండి మీద కూర్చుని రామనామం చెప్పుకుంటున్నాడు.

"ఒరేయ్, వచ్చి లాగరా" అన్నాడు కనకాచారి.

"బాటెక్కితే మీకు చిన్నతనం కదండీ. పైగా రాజాజ్ఞ."

బురదలో నిలబడ్డ రాజుగారు, "ఇకమీద నీ బండిని ఎవరూ ఆపరు. లాగు" అన్నారు.

ఎర్రప్ప రెండు రథాలనూ పక్కపక్కనే బండికి కట్టి కోటకు చేర్చాడు.

"ఇంతకీ ఎవరు గెలిచినట్టురా?" అన్నారు రాజుగారు.

"గుమ్మం ముందుగా దాటింది నా ఎద్దులు, ప్రభూ. రెండో స్థానం ఎవరిదో వాళ్లనే తేల్చుకోమనండి."